గేమ్‌లో బొమ్మ బాగాలేదా? కొత్త టీవీ కొనే ముందు ఇవి చెక్ చేయండి

యూట్యూబ్‌లో ట్రైలర్ చూస్తే కళ్లు చెదిరిపోతాయి. అదే గేమ్‌ని మన పీఎస్5లోనో, ఎక్స్‌బాక్స్‌లోనో వేసుకుని టీవీ ముందు కూర్చుంటే సీన్ వేరేగా ఉంటుంది. అక్షరాలు మసక మసకగా ఉంటాయి, రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, చీకటి సీన్లయితే శత్రువు ఎక్కడున్నాడో కూడా తెలియదు. అప్పుడు చాలామంది చేసేవి రెండే పనులు. ఒకటి, కన్సోల్‌లో ఏదో లోపం ఉందని రిటర్న్ పెట్టడం. రెండు, ఈఎంఐలో కొత్త టీవీ వెతుక్కోవడం.

రెండూ తొందరే. ఈ విషయంలో నన్ను అడిగేవాళ్లలో ఎక్కువ మంది సమస్య రూపాయి ఖర్చు లేకుండా సెట్టింగ్స్‌తోనే తీరిపోతుంటుంది. ఎందుకంటే, టీవీ ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు దాని సెట్టింగ్స్ సినిమాలు, సీరియళ్లు, క్రికెట్ కోసం పెట్టి ఉంటాయి. సెట్‌టాప్ బాక్స్ నుంచి వచ్చే బొమ్మకు టీవీ కొంచెం మేకప్ వేస్తుంది. అంచులు కత్తిరిస్తుంది, షార్ప్‌నెస్ పెంచుతుంది, కదలికను నున్నగా చేస్తుంది. కన్సోల్ పంపే బొమ్మ ఆల్రెడీ రెడీగా ఉంటుంది. దానికి మళ్లీ అదే మేకప్ వేస్తే పాడవుతుంది. అంతేకాదు, కన్సోల్ ఏం పంపుతోందో టీవీ ఇంకోలా అర్థం చేసుకుంటే రంగులు, నలుపు అన్నీ తప్పుతాయి.

కాబట్టి మనం చేయాల్సింది ఆ రెండిటినీ ఒకే మాట మీదకి తీసుకురావడం. మీ టీవీలో కనిపించే లక్షణాన్ని బట్టి ఏం చేయాలో ఒక్కొక్కటిగా చెప్తాను.

ముందు ఐదు నిమిషాల పరీక్ష

ఏ సెట్టింగూ ముట్టుకోకుండా ముందు ఈ మూడు చూడండి.

1. కన్సోల్ హోమ్ స్క్రీన్‌లో అక్షరాలు చూడండి. అక్కడ క్లియర్‌గా ఉండి గేమ్‌లో మాత్రమే మసకగా ఉంటే సమస్య గేమ్‌లోనే ఉంది. హోమ్ స్క్రీన్ కూడా మసకగా ఉంటే టీవీ, కేబుల్, అవుట్‌పుట్ సెట్టింగ్ ఈ మూడింటిలో ఏదో ఒకటి.

2. ఏ సిగ్నల్ వెళ్తోందో చూడండి. పీఎస్5లో సెట్టింగ్స్ > స్క్రీన్ అండ్ వీడియో > వీడియో అవుట్‌పుట్‌లోకి వెళ్తే అవుట్‌పుట్ సమాచారం కనిపిస్తుంది. ఎక్స్‌బాక్స్‌లో సెట్టింగ్స్ > జనరల్ > టీవీ అండ్ డిస్‌ప్లే ఆప్షన్స్ > 4కే టీవీ డీటెయిల్స్. మీది 4కే టీవీ అయ్యుండి అక్కడ 1080పీ అని ఉంటే సగం సమస్య దొరికినట్టే.

3. మధ్యలో సౌండ్‌బార్, ఏవీ రిసీవర్, హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ లాంటివి ఏమున్నా తీసేసి కన్సోల్‌ని నేరుగా టీవీకి పెట్టండి. పాత సౌండ్‌బార్ 4కే హెచ్‌డీఆర్ సిగ్నల్‌ని దాటనివ్వకపోతే, కన్సోల్ చప్పుడు చేయకుండా తక్కువ క్వాలిటీకి దిగిపోతుంది. నేరుగా పెట్టాక బాగుంటే కన్సోల్‌ని అలాగే టీవీకి ఉంచి, సౌండ్‌బార్‌ని టీవీ ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ పోర్ట్‌కి కలపండి.

ఒక చిన్న రూల్. ఒక్కసారికి ఒక్క సెట్టింగే మార్చండి, మార్చే ముందు పాతది ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఐదు ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు.

అంచులు కట్ అవుతున్నాయా? అక్షరాలు మసకగా ఉన్నాయా?

హెల్త్ బార్ సగం కనపడకపోవడం, మ్యాప్ మూలకి తెగిపోవడం చూశారా? దాని పేరు ఓవర్‌స్కాన్. పాత డబ్బా టీవీల కాలంలో బొమ్మ అంచులు సరిగ్గా వచ్చేవి కావు. అందుకని అంచులు కొంచెం స్క్రీన్ బయటికి పోయేలా బొమ్మను పెద్దది చేసి చూపించేవారు. డబ్బా టీవీలు పోయాయి, ఆ అలవాటు మాత్రం చాలా ఎల్‌ఈడీ టీవీల్లో ఇంకా ఉంది.

పోయేది అంచులు మాత్రమే అనుకుంటే పొరపాటు. టీవీ 1920×1080 బొమ్మలో అంచులు కోసేసి, మిగిలినదాన్ని సాగదీసి మళ్లీ స్క్రీన్ నిండా పరుస్తుంది. అంటే కన్సోల్ పంపిన ఒక పిక్సెల్ టీవీలో ఒక పిక్సెల్ మీద పడదు, పక్కదానితో కలిసిపోతుంది. అక్షరాలు మసకబారేది అక్కడే.

ఆపడం తేలిక. శాంసంగ్‌లో పిక్చర్ సైజ్ సెట్టింగ్స్‌లో ‘ఫిట్ టు స్క్రీన్’, ఎల్‌జీలో ‘జస్ట్ స్కాన్’, సోనీలో డిస్‌ప్లే ఏరియా దగ్గర ‘ఫుల్ పిక్సెల్’ పెట్టండి. వేరే బ్రాండ్లలో ఆస్పెక్ట్ రేషియో మెనూలో ‘ఒరిజినల్’, ‘డాట్ బై డాట్’, ‘1:1’ లాంటి పేరుతో ఉంటుంది. ముందు టీవీ వైపు ఇది సరిచేయండి. ఆ తర్వాతే కన్సోల్‌లో ఉండే ‘అడ్జస్ట్ డిస్‌ప్లే ఏరియా’ జోలికి వెళ్లండి. కన్సోల్‌లో బొమ్మను చిన్నది చేస్తే అంచులు కనిపిస్తాయి కానీ మసక అలాగే ఉంటుంది, ఎందుకంటే అప్పుడు రెండుసార్లు సాగదీసినట్టు అవుతుంది.

తర్వాత షార్ప్‌నెస్. పేరు చూసి ఎంత పెంచితే అంత క్లియర్ అనుకుంటాం. నిజానికి ఆ సెట్టింగ్ కొత్త వివరాలేవీ తేలేదు. ఉన్న గీతల చుట్టూ తెల్లటి అంచు గీస్తుంది, అంతే. చెట్ల ఆకులు, జుట్టు గరుకుగా, మెరిసిపోతూ కనిపిస్తే కారణం అదే. చాలా టీవీల్లో సున్నా లేదా దానికి దగ్గర్లో పెడితే బొమ్మ సహజంగా ఉంటుంది. సోనీ టీవీల్లో మాత్రం 50 అనేది మధ్యస్థం, అక్కడ సున్నా పెడితే బొమ్మ మెత్తబడిపోతుంది.

ఇక 32 అంగుళాల టీవీ ఉన్నవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. మన దగ్గర దొరికే చాలా 32 అంగుళాల ‘హెచ్‌డీ రెడీ’ టీవీల ప్యానెల్ 1366×768 పిక్సెల్స్. అది 720పీ కాదు, 1080పీ కూడా కాదు. కన్సోల్ ఏది పంపినా టీవీ దాన్ని 768 గీతల్లోకి ఇరికించాల్సిందే. కాబట్టి చిన్న అక్షరాలు ఎప్పుడూ కొంత మసకగానే ఉంటాయి. 1080పీ, 720పీ రెండూ పెట్టి చూసి, గేమ్ మెనూలో ఏది బాగా చదవగలుగుతున్నారో అదే ఉంచేయండి. చాలా గేముల్లో టెక్స్ట్ సైజ్, సబ్‌టైటిల్ సైజ్ పెంచే ఆప్షన్ ఉంటుంది, అదీ వాడండి.

నలుపంతా ముద్దగా ఉందా? లేక బూడిద రంగులో ఉందా?

నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది, అన్నిటికంటే తక్కువ మందికి తెలిసింది ఇదే. పేరు ఆర్‌జీబీ రేంజ్.

నలుపు నుంచి తెలుపు వరకు వెలుగుని అంకెల్లో చెప్పడానికి రెండు పద్ధతులున్నాయి. సినిమాలు, టీవీ ప్రసారాల పద్ధతిలో నలుపు అంటే 16, తెలుపు అంటే 235. దీన్ని లిమిటెడ్ అంటారు. కంప్యూటర్ల పద్ధతిలో నలుపు 0, తెలుపు 255. ఇది ఫుల్. రెండిట్లో ఏదైనా పర్లేదు, కన్సోల్, టీవీ రెండూ ఒకే పద్ధతిలో ఉండాలి.

కన్సోల్ ఫుల్‌లో పంపుతూ టీవీ లిమిటెడ్ అనుకుంటే, 16 కంటే తక్కువున్నవన్నీ కటిక నలుపైపోతాయి. గుహలో దాక్కున్నవాడు, నల్ల కోటు మడతలు అన్నీ మాయం. తెలుపు వైపు కూడా మేఘాల్లో వివరాలు పోతాయి. అదే రివర్స్‌లో, కన్సోల్ లిమిటెడ్‌లో పంపుతూ టీవీ ఫుల్ అనుకుంటే నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది, బొమ్మ మీద పల్చటి పాలపొర పరిచినట్టు ఉంటుంది.

వరంగల్‌లో ఉండే మా పిన్ని కొడుకు సంగతి ఇదే. పీఎస్5, 43 అంగుళాల 4కే టీవీ. టీవీ కొని ఏడాదిన్నర కూడా కాలేదు. ఒకరోజు ఫోన్ చేసి, ‘‘అన్నా, హారర్ గేమ్‌లో ఏం కనపడట్లేదు. బ్రైట్‌నెస్ పెంచితే మొత్తం తెల్లగా అయిపోతోంది. ఈ టీవీ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసి 55 అంగుళాలది తీసుకుంటా, నెలకి నాలుగున్నర వేలు ఈఎంఐ’’ అన్నాడు.

‘‘ఆగరా, కార్డ్ తర్వాత తీద్దువుగానీ. ముందు వీడియో కాల్ చేసి టీవీ మెనూ చూపించు’’ అన్నాను.

చూస్తే, ఎప్పుడో ఏదో వీడియోలో చెప్పారని పీఎస్5లో రేంజ్ ఫుల్ పెట్టాడు. టీవీ మాత్రం లిమిటెడ్‌లోనే ఉంది. కన్సోల్‌ని ఆటోమేటిక్‌కి మార్చి, బ్రైట్‌నెస్ మళ్లీ పాత అంకెకి తెచ్చాడు. ‘‘అన్నా, గోడ మీద పెయింటింగ్ ఉందని ఇప్పుడే తెలిసింది’’ అన్నాడు. ఈఎంఐ ఆగిపోయింది. పిన్ని కూడా సంతోషించింది.

మీరు చేయాల్సిందీ ఇదే. పీఎస్5లో వీడియో అవుట్‌పుట్ లోపల ‘ఆర్‌జీబీ రేంజ్’, ఎక్స్‌బాక్స్‌లో వీడియో ఫిడిలిటీ అండ్ ఓవర్‌స్కాన్ లోపల ‘కలర్ స్పేస్’, స్విచ్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని టీవీ విభాగంలో ‘ఆర్‌జీబీ రేంజ్’. వీటిని ఆటోమేటిక్‌లో పెట్టండి, ఎక్స్‌బాక్స్‌లో అయితే ‘స్టాండర్డ్’ అని ఉంటుంది. టీవీ వైపు శాంసంగ్‌లో ‘హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్’, ఎల్‌జీలో ‘బ్లాక్ లెవెల్’, సోనీలో ‘హెచ్‌డీఎంఐ వీడియో రేంజ్’ ఆటోలో ఉండాలి. ఆటో కుదరకపోతే రెండు వైపులా లిమిటెడ్ పెట్టేయండి. టీవీ మీద లిమిటెడ్‌లో ఆడితే బొమ్మకి నష్టమేమీ లేదు. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ ముట్టుకునేది ఇదంతా అయ్యాకే.

హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే బొమ్మ డల్ అయిందా?

బాక్స్ మీద హెచ్‌డీఆర్ అని ఉన్నంత మాత్రాన బొమ్మ మెరిసిపోదు. హెచ్‌డీఆర్ పని, సూర్యుడు, మంట, లైట్ల లాంటివి చుట్టూ ఉన్నవాటికంటే చాలా వెలుగుతో చూపించడం. దానికి ప్యానెల్‌కి అంత వెలుగిచ్చే శక్తి ఉండాలి. తక్కువ ధర 4కే టీవీలు చాలావరకు హెచ్‌డీఆర్ సిగ్నల్‌ని తీసుకోగలవు కానీ, ఆ వెలుగుని ఇవ్వలేవు. అప్పుడు మొత్తం బొమ్మని కిందికి దించి చూపిస్తాయి. డల్‌గా అనిపించేది అందుకే.

ముందు క్యాలిబ్రేషన్ చేయండి. పీఎస్5లో వీడియో అవుట్‌పుట్ కింద ‘అడ్జస్ట్ హెచ్‌డీఆర్’ అని ఉంటుంది, ఎక్స్‌బాక్స్‌లో ‘క్యాలిబ్రేట్ హెచ్‌డీఆర్ ఫర్ గేమ్స్’. స్క్రీన్ మీద వచ్చే గుర్తు కనపడీ కనపడనట్టు అయ్యేదాకా సర్దాలి. గుర్తు బాగా కనిపిస్తే బాగుందని అక్కడే ఆపేయకండి. మీ టీవీ ఎంత వెలుగు వరకు చూపించగలదో కన్సోల్‌కి తెలిసేది ఈ స్క్రీన్ల వల్లే.

టీవీలో డైనమిక్ టోన్ మ్యాపింగ్ అనే ఆప్షన్ ఉంటే ఆఫ్ చేసి ఈ క్యాలిబ్రేషన్ చేయండి. లేకపోతే కన్సోల్ ఒకసారి, టీవీ ఇంకోసారి వెలుగుని సర్దుతాయి. కొన్ని టీవీల్లో ‘హెచ్‌జీఐజీ’ అని ఇంకో ఆప్షన్ ఉంటుంది. అది పెడితే ఆ సర్దే పనిని టీవీ మానేసి కన్సోల్‌కి వదిలేస్తుంది.

పీఎస్5లో హెచ్‌డీఆర్‌ని ‘ఆన్ వెన్ సపోర్టెడ్’లో పెట్టండి. ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే మామూలు గేములు, మెనూలు కూడా హెచ్‌డీఆర్ వేషం వేసుకుని వస్తాయి, రంగులు తేడాగా ఉంటాయి. ఇవన్నీ చేశాక కూడా హెచ్‌డీఆర్ ఆఫ్‌లోనే బాగుందనిపిస్తే, మొహమాటం లేకుండా ఆఫ్ చేసేయండి. వెలుగు తక్కువ ఉన్న టీవీల్లో అదే సరైన సెట్టింగ్.

మెట్లు మెట్లుగా రంగులు, ఎర్ర అక్షరాల చుట్టూ మసక

ఆకాశం సాఫీగా కాకుండా చారలు చారలుగా కనిపిస్తోందా? 8 బిట్ సిగ్నల్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు, 10 బిట్‌లో 1024 మెట్లు. హెచ్‌డీఆర్‌కి 10 బిట్ కావాలి. అయితే చాలా టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్ట్ డిఫాల్ట్‌గా తక్కువ వేగంలో ఉంటుంది. దాన్ని మనమే ఆన్ చేయాలి. శాంసంగ్‌లో ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’, ఎల్‌జీలో ‘హెచ్‌డీఎంఐ డీప్ కలర్’, సోనీలో ‘హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్’ని ‘ఎన్‌హాన్స్‌డ్’ చేయడం. గమనించండి, ఇది ఏ పోర్ట్‌కి ఆ పోర్ట్‌కి విడివిడిగా ఉంటుంది. కన్సోల్ పెట్టిన పోర్ట్‌కే ఆన్ చేయాలి.

పోర్టులు కూడా అన్నీ ఒకేలా ఉండవు. హెచ్‌డీఎంఐ 2.0 పోర్ట్ సామర్థ్యం 18 జీబీపీఎస్. 4కే 60 హెర్ట్జ్ వరకు దానికి సరిపోతుంది, 10 బిట్ హెచ్‌డీఆర్ కూడా కలిస్తే మాత్రం రంగుల సమాచారాన్ని కొంత తగ్గించి పంపాలి. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర అక్షరాల అంచులు చెదిరినట్టు కనిపించేది అందువల్లే, అది లోపం కాదు. 4కే 120 హెర్ట్జ్ కావాలంటే హెచ్‌డీఎంఐ 2.1 ఉండాలి, దాని గరిష్ఠ సామర్థ్యం 48 జీబీపీఎస్. చాలా టీవీల్లో అలాంటి పోర్టులు ఒకటో రెండో ఉంటాయి. పోర్ట్ పక్కన ‘4కే 120’ అని రాసి ఉందేమో టార్చ్ వేసి చూడండి.

బొమ్మ బాగుంది, కానీ బటన్ నొక్కితే లేటు

టీవీలో మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంటే అది రెండు ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములు ఊహించి ఇరికిస్తుంది. ఎల్‌జీలో ‘ట్రూమోషన్’, సోనీలో ‘మోషన్‌ఫ్లో’, శాంసంగ్‌లో ‘పిక్చర్ క్లారిటీ’ అని పేర్లు. క్రికెట్‌కి కొందరికి నచ్చుతుందేమో గానీ, గేమ్‌లో కెమెరా తిప్పగానే క్యారెక్టర్ చుట్టూ బొమ్మ చెదురుతుంది. పైగా ఆలస్యం. మేకప్ అంతా ఆన్‌లో ఉంటే కొన్ని టీవీల్లో ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటుతుంది. 60 ఎఫ్‌పీఎస్ గేమ్‌లో ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లే. అంటే మీరు షూట్ నొక్కాక ఆరు ఫ్రేములు గడిచాకే స్క్రీన్ మీద కనిపిస్తుందన్నమాట.

గేమ్ మోడ్ ఆన్ చేస్తే ఈ అదనపు పనులు చాలావరకు ఆగిపోతాయి. ఏఎల్ఎల్ఎం ఉన్న టీవీలు గేమ్ మొదలవగానే వాటంతటవే గేమ్ మోడ్‌లోకి వెళ్తాయి. గేమ్ మోడ్‌లో రంగులు తేలిపోయాయని చాలామంది మళ్లీ వివిడ్‌కి వెళ్లిపోతారు. అలా చేయకండి. గేమ్ మోడ్‌లోనే ఉండి కలర్ టెంపరేచర్‌ని ‘వార్మ్’ వైపు జరపండి, ఎనర్జీ సేవింగ్, ఎకో సెన్సర్ ఆఫ్ చేయండి. గదిలో లైట్ మారినప్పుడల్లా బొమ్మ వెలుగు తగ్గిపోయేది వాటి వల్లే. రెండు రోజుల్లో కళ్లు అలవాటు పడతాయి.

చుక్కలు మెరవడం, స్క్రీన్ నల్లగా అయి మళ్లీ రావడం

కేబుల్‌ని అనుమానించాల్సింది ఇక్కడే. హెచ్‌డీఎంఐ డిజిటల్ సిగ్నల్. కేబుల్ బాగాలేకపోతే తెల్ల చుక్కలు మెరుస్తాయి, స్క్రీన్ ఒక సెకను నల్లగా అయి వస్తుంది, లేదా అసలు బొమ్మే రాదు. రంగులు డల్‌గా ఉండటం, అక్షరాలు మసకగా ఉండటం కేబుల్ వల్ల జరిగే పని కాదు. కాబట్టి ‘కలర్స్ బాగా వస్తాయి’ అని షాపులో గోల్డ్ ప్లేటెడ్ కేబుల్ అంటగడితే తీసుకోకండి.

పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ బాక్సుల్లో వచ్చే కేబుల్ చాలు. పొడవైనది కొనాల్సి వస్తే ప్యాకెట్ మీద ‘అల్ట్రా హై స్పీడ్’ అనే అధికారిక లేబుల్, స్కాన్ చేసే క్యూఆర్ కోడ్ ఉన్నది చూసుకోండి. అవసరానికి మించి పొడవు వద్దు.

ఏదో సెట్టింగ్ మార్చాక స్క్రీన్ మొత్తం నల్లగా ఉండిపోయిందా? కంగారు పడొద్దు. పీఎస్5ని పూర్తిగా ఆపి, పవర్ బటన్‌ని రెండో బీప్ వినిపించేదాకా, అంటే ఏడు సెకన్ల పాటు, నొక్కి పట్టుకుని వదలండి. సేఫ్ మోడ్ వస్తుంది. కంట్రోలర్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, అక్కడ వీడియో అవుట్‌పుట్ మార్చే ఆప్షన్‌తో మళ్లీ మొదటి స్థితికి రావచ్చు.

అన్నీ బాగున్నాయి, ఈ గేమ్ ఒక్కటే బాగాలేదు

అలాంటప్పుడు టీవీని వదిలేసి గేమ్ మెనూ తెరవండి. టీవీకి 4కే సిగ్నల్ వెళ్తున్నా, గేమ్ లోపల అంతకంటే తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేస్తుండొచ్చు. ‘స్పైడర్‌మ్యాన్: మైల్స్ మోరేల్స్’లో ఫిడిలిటీ మోడ్‌లో వివరాలు ఎక్కువ, 30 ఎఫ్‌పీఎస్. పెర్ఫార్మెన్స్ మోడ్‌లో వివరాలు కొంచెం తక్కువ, 60 ఎఫ్‌పీఎస్. నిలబడి చూస్తే మొదటిది, పరిగెత్తుతూ ఆడితే రెండోది బాగుంటుంది. మోషన్ బ్లర్, ఫిల్మ్ గ్రెయిన్, క్రోమాటిక్ అబెరేషన్ అనే ఆప్షన్లుంటే ఆఫ్ చేసి చూడండి, సగం మసక అక్కడే పోవచ్చు. మొదటి తరం స్విచ్ టీవీకి పంపేది గరిష్ఠంగా 1080పీ, చాలా గేములు అంతకంటే తక్కువలోనే నడుస్తాయి. 4కే టీవీలో అది కొంచెం మెత్తగా కనపడటం మామూలే.

పీఎస్2 లాంటి పాత కన్సోల్‌ని ఎరుపు, తెలుపు, పసుపు వైర్లతో పెట్టినా అంతే. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా వైరు తీరుని మారుస్తుంది, లేని వివరాలు తేలేదు. ఆస్పెక్ట్ రేషియో 4:3 పెట్టుకుంటే కనీసం మనుషులు లావుగా కనపడరు.

మరి కొత్త టీవీ ఎప్పుడు కొనాలి?

ఈ వరుసలో వెళ్లండి: నేరుగా కనెక్షన్, రిజల్యూషన్, గేమ్ మోడ్, ఓవర్‌స్కాన్, షార్ప్‌నెస్, ఆర్‌జీబీ రేంజ్, పోర్ట్ సెట్టింగ్, చివర్లో హెచ్‌డీఆర్ క్యాలిబ్రేషన్. తీరిగ్గా చేసినా గంట చాలు.

ఇవన్నీ అయ్యాక కూడా మీకు కావాల్సింది 4కే 120 హెర్ట్జ్, నిజమైన హెచ్‌డీఆర్ వెలుగు, లేదా 768 గీతల ప్యానెల్‌లో రాని చిన్న అక్షరాలు అయితే, అవి ఏ సెట్టింగ్‌తోనూ రావు. అప్పుడు టీవీ మార్చడం న్యాయమే. షోరూమ్‌కి వెళ్లినప్పుడు డెమో వీడియో చూసి మోసపోకుండా మూడు ప్రశ్నలు అడగండి. ప్యానెల్ నిజంగా 120 హెర్ట్జేనా? హెచ్‌డీఎంఐ 2.1 పోర్టులు ఎన్ని? గేమ్ మోడ్‌లో బొమ్మ ఎలా ఉంటుంది, ఒకసారి పెట్టి చూపిస్తారా? మూడింటికీ సూటిగా సమాధానం వస్తేనే కార్డ్ బయటికి తీయండి.